చందనం పూసిన లా పాయింటు

పెళ్లయి ఈ ఇంటికి వచ్చిన ఏడో నెలలో సుజనకు గంధం తీసే పని పడింది. రోజూ పొద్దున ఐదు గంటలకు సానరాయి ముందు కూర్చుని, నాలుగు చుక్కల నీళ్లు చల్లుకుంటూ, చందనపు చెక్కను తిప్పి తిప్పి అరగదీసి, చిన్న గిన్నెలో సగం దాకా నింపేది. చూసినవాళ్లు ఈ ఇంట్లో పూజలు ఎక్కువనుకునేవారు. దేవుడి గూటికి మాత్రం ఆ గిన్నెలోంచి ఒక్క బొట్టు కూడా అందేది కాదు. అంతా మామ దొరస్వామి నెత్తికే పోయేది.

దొరస్వామిది అరటాకుల వ్యాపారం. కోడూరు తోటల నుంచి లారీలో దిగే ఆకుల కట్టలను మోపెడ్ వెనక కట్టుకుని తిరుపతిలో హోటళ్లకూ కల్యాణ మండపాలకూ వేసేవాడు. ముప్పై ఐదేళ్లకే జుట్టు రాలిపోయి, చెవుల పైన, మెడ వెనక కొంచెం, ఒలిచిన కొబ్బరికాయకు వదిలిన పీచులా మిగిలింది. ఇప్పుడు యాభై ఐదు. ఆ తలమీద హెల్మెట్ పెట్టించడం ఇంట్లో ఎవరి వల్లా కాలేదు.

పెట్టించాలని పంతం పట్టిన మనిషి అత్త మునిలక్ష్మి. రెండేళ్ల కిందట ఆమె తమ్ముడు యోగానంద చంద్రగిరి దగ్గర బండి మీద నుంచి పడ్డాడు. మనిషి దక్కాడు గాని తలకు తగిలిన దెబ్బతో మతి కొంచెం చెదిరింది. ఇప్పటికీ పెళ్లాన్ని అక్కా అని పిలుస్తాడు. చుట్టాలంతా అది చెప్పుకుని నవ్వుతారు. మునిలక్ష్మి కూడా నవ్వుతుంది. నవ్వి, వంటింట్లోకి పోయి కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంది. సుజన ఒకసారి చూసింది. దొరస్వామి ఆకులు వేసి ఇల్లు చేరే దాకా ఆమె పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదు. కడుపులో మంటకు డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. మాత్ర కూడా మొగుడొచ్చాకే.

తనే బజారుకు పోయి హెల్మెట్ కొనుక్కొచ్చింది. దొరస్వామి దాన్ని నాలుగు వైపులా తిప్పి చూసి, గాలాడదనీ, హారన్లు వినపడవనీ, లోపల తలకాయ ఇడ్లీలా ఉడికిపోతుందనీ తేల్చి, వసారాలో ఒక గూట్లో పెట్టాడు. నెల తిరక్కుండా కోడి అందులో గుడ్లు పెట్టింది.

దొరస్వామికి చట్టం తెలియదు గాని లా పాయింట్లు తెలుసు. ఈ రెండూ వేరని ఆ వీధిలో సుజనకు తప్ప ఎవరికీ తోచినట్టు లేదు. సాయంత్రం టీ బంకు దగ్గర ఆయన చుట్టూ నలుగురు చేరేవారు. భుజం మీద నక్షత్రం లేని పోలీసు చెయ్యి అడ్డం పెడితే ఆగనక్కర లేదు. పొద్దు పొడవక ముందు రాసిన చలానా చెల్లదు. ఒకసారి ఫైను కట్టినవాడికి ఆ రసీదు రోజంతా బస్సు పాసులా పనికొస్తుంది. కెమెరా తీసిన ఫోటోలో ముఖం పడకపోతే అది బండి ఫోటోయే గాని మనిషి ఫోటో కాదు; బండికి వేసిన ఫైను బండే కట్టుకోవాలి. మూడు నెలలు పట్టించుకోకుండా వదిలేస్తే చలానా మేత లేని గొడ్డులా దానంతట అదే చచ్చిపోతుంది. ఇవన్నీ నీకెవరు చెప్పారని ఎవరూ అడగలేదు. చెప్పేటప్పుడు ఆయన గొంతు అలా ఉండేది.

ఎదురింటి జయరావు వీటిని వేదంలా పాటించేవాడు. ఆయుధపూజకు పూసిన పసుపును నంబరు పలక మీద నుంచి కడగొద్దనీ, పూజ పసుపు తుడిచేందుకు ఏ పోలీసుకూ చెయ్యి రాదనీ దొరస్వామి చెప్తే, శివరాత్రి దాకా పూస్తూనే వచ్చాడు. చివరికి ఒక పోలీసు తడిగుడ్డ జయరావు చేతికే ఇచ్చి, భక్తిగా ఆయన చేతనే తుడిపించి, అప్పుడు ఫోటో తీశాడు. జయరావు వచ్చి మొత్తుకుంటే దొరస్వామి పసుపు మీద కుంకుమ పెట్టినావా అని అడిగాడు. పెట్టలేదన్నాడు జయరావు.

"మరి అదే గదప్పా నీ తప్పు," అన్నాడు దొరస్వామి.

దొరస్వామికి మాత్రం ఇన్నేళ్లలో ఒక్క చలానా రాలేదు. అదంతా లా పాయింట్ల మహిమేనని ఆయన నమ్మకం. బండి వెనక కట్టిన ఆకుల కొనలు కిందికి వేలాడి నంబరు పలకను కప్పేస్తాయని సుజన కనిపెట్టింది. కనిపెట్టి ఊరుకుంది. తొమ్మిదితో బడి మానేసిన పిల్ల. పైగా కొత్త కోడలు. భర్త ఫ్యాక్టరీ షిఫ్టులతో పగలు నిద్రపోయేవాడు. మామ ముందు నిలబడి మాట్లాడే అలవాటు ఆమెకింకా రాలేదు.

గంధం సంగతి ఎండాకాలంలో మొదలైంది. దొరస్వామి తల నిండా చెమటకాయలు లేచాయి. వీధి సెలూన్‌లో ఆ మిగిలిన పీచు కూడా తీయించుకుని వచ్చాడు. చల్లగా ఉంటుందని మునిలక్ష్మి ఇంత గంధం పూసింది. మర్నాడు పెద్ద కూడలిలో హెల్మెట్ లేనివాళ్లందరినీ పోలీసులు పక్కకు తోలుతున్నారు. దొరస్వామికి ముందు నలుగురు దొరికారు, వెనక ముగ్గురు దొరికారు. నడుమ ఆయన తల చూసిన పోలీసు మాత్రం చెయ్యి దించి, గోవిందా అని దారిచ్చాడు.

ఆయన ఇంటికి వచ్చి బండికి స్టాండు కూడా వేయకుండా ఆ సంగతి చెప్పాడు.

"రోజూ వేలమంది గుండ్లతో తిరిగే ఊరిది. కొత్త గుండు మింద చందనం ఉంటే ఎవుడాపుతాడు? చందనం మింద హెల్మెట్ పెడితే అపచారం. ఇంత మంచి పాయింటు నాకు ఇన్నేండ్లు తట్టనే లేదు సూడు."

మర్నాటి నుంచి సుజనకు సానరాయి పని.

ఆ పని చేస్తూ చేస్తూ సుజన ఇంకొకటి గమనించింది. నిజంగా కొండ మీద ఇచ్చిన కొత్త గుండు పొట్టు తీసిన చింతగింజలా పాలిపోయి ఉంటుంది. మామ తల ఇరవై ఏళ్లు ఎండ తాగి దోసెపెనంలా నిగనిగలాడుతుంది. గంధం పలచనైతే ఆ నలుపు బయటపడిపోతుంది. ఎవరూ చెప్పకుండానే ఆమె గంధం చిక్కగా తీయసాగింది. తర్వాత తనమీద తనకే కోపం వచ్చింది. పొయ్యి దగ్గర అత్త ఖాళీ కడుపుతో వీధి వైపు చెవి పెట్టుకుని కూర్చుంటే, ఆ పస్తులో తన చెయ్యి కూడా ఉన్నట్టనిపించింది.

పాయింటు విన్న మూడో రోజుకు జయరావు ఒత్తైన తన జుట్టు తీసేయించి, గంధం పొడి నీళ్లలో కలిపి పూసుకుని బయల్దేరాడు. ఆపిన పోలీసు, దర్శనం బాగా జరిగిందా అని మర్యాదగా అడిగి, చెయ్యి చాచి ఇంత లడ్డు పెట్టమన్నాడు. జయరావు దగ్గర లడ్డు లేదు. కొండ దిగేవాడు లడ్డు లేకుండా దిగడని ఈ ఊళ్లో చంటిబిడ్డకైనా తెలుసు. చలానా పట్టుకుని, బోడి తల తడుముకుంటూ వచ్చిన జయరావును చూసి దొరస్వామి జాలిపడలేదు, పాయింటును సవరించుకున్నాడు. ఆ రోజు నుంచి ఆయన బండి సంచిలో ఒక లడ్డు ఉండేది. నెల తిరిగేసరికి అది గుండ్రాయి అయింది. ఎటూ చూపించేదానికే గదా అని ఆయన మార్చలేదు.

ఆషాఢంలో ఆ కూడలికి కొత్త కానిస్టేబుల్ వచ్చాడు. పేరు సుందరరాజు. పుత్తూరు వైపు మనిషి, మెడలో తులసిమాల, మాట నెమ్మది. మొదటి వారం దొరస్వామికి దండం పెట్టాడు. రెండో వారం దండం పెట్టి, ఆయన కనుమరుగయ్యేదాకా చూశాడు. మూడో వారం ఆపి, నేనొచ్చిన వారం కూడా మీది గుండే గదా స్వామీ అని అడిగాడు.

చిక్కుబడితే నిజం చెప్పాలనే పాయింటు దొరస్వామి దగ్గర లేదు. ఏడాది పాటు శనివారం శనివారం తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నానన్నాడు. సుందరరాజు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఎంత కష్టమొస్తే అంత మొక్కు మొక్కారు స్వామీ అని గొంతు తగ్గించి అడిగాడు. దొరస్వామి కొండ వైపు చూసి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడమే బ్రహ్మాండంగా పనిచేసిందని ఇంటికొచ్చి మురిసిపోయాడు. నిజంగానే పనిచేసింది. ఆ తర్వాత ఆయన మోపెడ్ కనపడితే చాలు, సుందరరాజు అడ్డమొచ్చే ఆటోలను నిలిపేసి దారి ఇచ్చేవాడు.

మునిలక్ష్మికి ఇది వినగానే చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏం మనిషివబ్బా నువ్వు. పోలీసోళ్లకు భయపడవు, సరే. ఆ కొండ మింద ఉండేటాయనకు గూడా భయపడవా?"

"ఆయనకు అన్నీ తెలుసు గదమ్మే. తెలిసినాయనకు చెప్తే అది అబద్ధమెట్లా అయితాది?"

దాన్ని కూడా ఆయన పాయింటులాగే చెప్పాడు.

ఒక గురువారం సాయంత్రం సుందరరాజు వెతుక్కుంటూ ఇంటికే వచ్చాడు. వెంట భార్య రాజశ్రీ, ఆమె చంకలో పదకొండు నెలల కూతురు మహిత. దొరస్వామి చలానా వచ్చిందేమోనని ముందు బిత్తరపోయాడు. వాళ్లు పండ్లు తెచ్చారు. బిడ్డకు శనివారం కొండ మీద పుట్టువెంట్రుకలు తీయించాలి. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుని తీయించడం ఆచారం. రాజశ్రీకి అన్నదమ్ములు లేరు.

"వరసకు ఎవురినో ఒగరిని కూసోబెట్టొచ్చు," అన్నాడు సుందరరాజు. "వారం వారం స్వామికి తలిచ్చే మనిషి మేనమామయితే మా బిడ్డకు అంతకంటే ఏం కావాల పెద్దాయనా. శనివారం మీరెట్లాగూ పోతారు గదా."

దొరస్వామి కాదనడానికి నోరు తెరిచాడు. ఆ లోపల మహిత నేలమీద పాక్కుంటూ వచ్చి ఆయన మోకాళ్లు పట్టుకుని లేచి, నెత్తిమీద చెయ్యేసి, వేళ్లకు అంటిన గంధం నోట్లో పెట్టుకుంది. చేదుకు ముఖం ముడిచి, మళ్లీ చెయ్యి వేసింది. ఆడబిడ్డలు లేని ఇల్లు. దొరస్వామి తెరిచిన నోటితో సరేనన్నాడు.

సుజన మంచినీళ్లు తెచ్చి ఇస్తే సుందరరాజు అందుకుంటూ, రోజూ గంధం తీసేది నువ్వేనంట గదమ్మా, మీ మామ పుణ్యంలో నీకూ పాలుంటుందిలే అన్నాడు. సుజన తల దించుకుంది. ఆ మాట నిజమేననిపించి భయమేసింది. నిజం చెప్పలేక, ఖాళీ గ్లాసు అందుకుని లోపలికి పోయింది.

శనివారం పొద్దున ఏర్పాటు ఏమిటంటే, ఆడవాళ్లు బిడ్డతో ఆటోలో, మగవాళ్లు బండ్ల మీద అలిపిరి దాకా పోవడం. బండ్లు అక్కడ నిలిపి అందరూ బస్సెక్కడం. సుందరరాజు హెల్మెట్ పెట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. దొరస్వామి అలవాటు చొప్పున నెత్తికి గంధం పూసుకుని బయటికి వచ్చాడు.

సుందరరాజు ఆ తలను చాలాసేపు చూశాడు.

"స్వామీ, ఇప్పుడు గదా తలిచ్చేదానికి పోతాండేది?"

"అవును."

"ఇచ్చినాక గదా చందనం పూసేది."

దొరస్వామి ఇది పోయిన వారం గంధమన్నాడు. ఆ మాటకు బలం లేదని ఆయనకే తెలిసిపోయింది. సుందరరాజు మాత్రం ఎగతాళి చేయలేదు. తీర్పు చెప్పినట్టు చెప్పాడు. పోయేటప్పుడు ఇంకా గుండు కాలేదు కాబట్టి హెల్మెట్ పెట్టుకోవాలి; వచ్చేటప్పుడు తాను అడగడు. దొరస్వామి ఇన్నేళ్లు ఊరికి పంచిన పాయింట్లలో ఇంత గట్టిది ఒక్కటీ లేదు.

ఎవరూ చెప్పకముందే సుజన వసారాలోకి పోయి, కోడిని అదిలించి, హెల్మెట్ లోంచి గడ్డి దులిపి, తడిగుడ్డతో తుడిచి తెచ్చింది. గంధం మీదే హెల్మెట్ ఎక్కింది. అపచారం మాట ఆ పూట ఎవరూ ఎత్తలేదు. అలిపిరి దాకా మునిలక్ష్మి ఆటోలోంచి తల బయటికి పెట్టి, ముందు పోతున్న మొగుడి తలనే చూస్తూ కూర్చుంది. పక్కన రాజశ్రీ ఏదో అడిగితే రెండుసార్లు వినిపించుకోలేదు.

కల్యాణకట్టలో దొరస్వామి బాసిపట్టు వేసుకుని కూర్చుంటే బిడ్డను ఒళ్లో పెట్టారు. నీళ్లు చల్లగానే మహిత గుక్కపట్టింది. తల కదిలిందంటే కత్తి తగులుతుంది, గట్టిగా పట్టుకోమన్నాడు క్షౌరం చేసేటాయన. దొరస్వామి రెండు అరచేతుల్లోకి ఆ తలను తీసుకున్నాడు. లేత ఆకును చిరక్కుండా పట్టడం తెలిసిన చేతులవి. జుట్టు రాలే కొద్దీ నడినెత్తిన మాడు బయటపడింది. ఇంకా పూడలేదు. పైకీ కిందికీ కొట్టుకుంటోంది. దొరస్వామి బొటనవేలు దానికి తగలకుండా పక్కకు జరుపుకున్నాడు. కత్తి ఆ వైపు వచ్చినప్పుడల్లా ఆయన కళ్లు మూసుకున్నాడు. మామ దేనికైనా భయపడడం సుజన చూడడం అదే మొదలు.

బిడ్డను తల్లికిచ్చాక ఆయన వంతు వచ్చింది. క్షౌరం చేసేటాయన బ్లేడు మార్చి, నీళ్లు పోసి గంధం కడిగి, తల మీద ఒకసారి చెయ్యి తిప్పి, కత్తి పక్కన పెట్టాడు.

"ఈడేముందప్పా నేను తీసేదానికి? నీ దగ్గిర స్వామి ఎప్పుడో అడ్వాన్సుగా తీసుకున్నాడే."

చుట్టుపక్కల కూర్చున్నవాళ్లు తడి తలలతోనే నవ్వారు. సుందరరాజు నవ్వలేదు. పోయిన శనివారమే తీయించారని, అందుకే ఇంకా రాలేదని సర్దిచెప్పబోయాడు. క్షౌరం చేసేటాయన ఒప్పుకోలేదు. మెడ వెనక సంగతి తనకు తెలియదు గాని నడినెత్తికి ఇరవై ఏండ్లుగా కత్తి తగల్లేదన్నాడు. వారం కిందట గొరిగిన తల ఇంత నల్లగా ఉండదన్నాడు. రోజుకు ఇన్ని తలలు చూసే మనిషి. ఆయన మాటకు తిరుగులేదు.

సుందరరాజు దొరస్వామి వైపు చూశాడు. దొరస్వామి పైకప్పు వైపు చూశాడు. ఇక్కడ ఆ ఊరుకోవడం పనిచేయలేదు. అప్పుడు సుందరరాజు సుజన వైపు తిరిగి, మీ మామ ఎన్ని శనివారాలు ఇక్కడికి వచ్చాడో నువ్వు చెప్పమ్మా అని అడిగాడు.

మునిలక్ష్మి కోడలి చెయ్యి పట్టుకుంది. ఆపడానికో, ధైర్యానికో సుజనకు తెలియలేదు.

"ఇదే మొదుటిది," అంది సుజన. "మిగతాదంతా నేను తీసిన గంధమే."

తర్వాత మిగిలింది దొరస్వామే చెప్పాడు. చెమటకాయలతో మొదలుపెట్టి గుండ్రాయి లడ్డు దాకా చెప్పాడు. మధ్యలో ఒకరిద్దరు పనులు మానుకుని వినడానికి దగ్గరికి జరిగారు. సుందరరాజు ముఖం ఎర్రబడింది. ఇన్నాళ్లూ ఆటోలు నిలిపి దండం పెట్టింది ఆయనే గదా. అంతలో రాజశ్రీ, బోడి తలతో నవ్వుతున్న బిడ్డను మొగుడి చేతికిస్తూ, పుట్టువెంట్రుకలు మళ్లీ పుట్టవని చెప్పింది. ఒళ్లో కూర్చోబెట్టుకున్నాక మేనమామ మేనమామే, మార్చేదానికి లేదు.

సుందరరాజు బిడ్డను భుజాన వేసుకున్నాడు. "పైను రాసేదానికి ఇది జాగా గాదులే బావా," అన్నాడు.

బావా అన్న పిలుపు వినగానే దొరస్వామికి ప్రాణం లేచి వచ్చింది. కూడలిలోనే పోలీసు చుట్టరికం. దీని ముందు ఏ పాయింటు నిలుస్తుంది. ఇంక నన్నెవురాపుతారు బావా అన్నాడు కూడా.

"నేనాపుతా," అన్నాడు సుందరరాజు. "ముక్కూ మొగం తెలీనోడయితే ఒగరోజు కాకపోతే ఒగరోజు వదిలేస్తాను. రేపు మా బిడ్డ పెండ్లికి గంపలో ఎత్తకొచ్చేది ఎవురు? మేనమామ గదా. అందాకా ఈ తలకాయ నాకు కావాల."

మునిలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. లోపలికి పోయి కళ్లు తుడుచుకునేందుకు అక్కడ వంటిల్లు లేదు. అందరి ముందే తుడుచుకుంది.

సోమవారం నుంచి పొద్దున ఐదున్నరకు సుజన ఫోను మోగడం మొదలైంది. మామకు చెల్లెలి మొగుడంటే ఆమెకు చిన్నాయన వరస. మీ మామ బయల్దేరినాడా, తలమింద ఏముండాది అని చిన్నాయన అడిగేవాడు. ఉండాది అని ఒక్కమాటతో చెప్పి సుజన పెట్టేసేది. కొత్త మనిషితో అంతకంటే ఏం మాట్లాడాలో తెలిసేది కాదు. టీ బంకు దగ్గర దొరస్వామి, పోలీసు చుట్టరికం కంటే పోలీసు పగ మేలని ఒక కొత్త పాయింటు చెప్పాడు. జయరావు తల ఊపాడు గాని దాన్ని ఎలా పాటించాలో ఆయనకు అంతుపట్టలేదు.

శ్రావణంలో ఒక రోజు మూడు పెళ్లిళ్లకు ఆకులు వేయాలి. తుంపర పడుతోంది. దొరస్వామి కట్టలు బిగించి, హెల్మెట్ అద్దం మీద నీళ్లు పడితే దారి కనపడదని గొణుక్కుంటూ బోడి తలతో బండెక్కాడు. అప్పుడే ఫోను మోగింది. సుజన ఎత్తింది. అవతల చిన్నాయన మామూలుగా అడిగాడు. దొరస్వామి బండి మీద నుంచే రెండు చేతులూ జోడించి, ఈ ఒక్క రోజుకు అన్నట్టు కోడలికి దండం పెట్టాడు. మామ తనకు దండం పెట్టడమేమిటని సుజన ఒక అడుగు పక్కకు జరిగింది. వంటింటి గడప మీద అత్త నిలబడి ఉంది.

"ఇంకా పెట్టుకోలేదు చిన్నాయనా," అంది సుజన, మామ వైపు చూస్తూనే. "పెట్టుకునిందాకా నేను ఫోను పెట్టను."

దొరస్వామి దిగాడు. వసారాలోకి పోయి, తెచ్చుకుని, మళ్లీ ఎక్కి, పట్టీ బిగించాడు. సుజన ఫోను ఉన్న చెయ్యి ముందుకు చాపింది. పట్టీ బకిలు పడిన చప్పుడు అవతలికి వినపడేలా, దొరస్వామి గడ్డం ఫోను దగ్గరికి తెచ్చి ఇంకొకసారి విప్పి వేశాడు.